రెండో వైపు

జూన్ 3

పళ్ళ డాక్టరు ఎంత తెలివైనవాడో ఈ రోజు తెలిసింది. నాతో చెప్పాల్సిన మాటని, నన్ను తన కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, చెంపలో దూది కుక్కి, నోట్లో రెండు పనిముట్లు దించాక చెప్పాడు. పన్ను అరిగినట్టుంది, ఊరికే చూస్తాను రండి అంటే నమ్మి వెళ్ళాను.

"మాస్టారూ, మీరేం కంగారు పడకండి, నోరు ఇంకొంచెం తెరవండి. పొద్దుటి బ్యాచి వాళ్ళది ఒకటే గోల. మీరు కుర్చీలో కూర్చుంటున్నారట, చేసి చూపించడం లేదట, నోటితో చెప్పేది బుర్రకెక్కడం లేదట. మొన్న ఆ టీచరమ్మకి మెడ పట్టేసిందిగా. నొప్పిగా ఉందా? లేదుగా. నెలాఖరున ఒక పరీక్ష క్లాసు పెడదాం. మీరు కుర్చీ దిగకూడదు, ఎవర్నీ ముట్టుకోకూడదు, నోటి మాటతోనే క్లాసు నడవాలి. నడిస్తే పొద్దుటి బ్యాచి మీదే. లేదంటే మీ మేనకోడలికి ఇచ్చేద్దాం. ఆవిడ పరాయిది కాదుగా. ఊఁ, పుక్కిలించండి."

నేను "ఆఁ ఆఁ" అన్నాను. దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టాడు.

హాలు అతనిదే, క్లినిక్కు మీద అంతస్తు. వాళ్ళ నాన్న రోజుల్లో అది విరిగిన బీరువాలు పడేసే గది. ఊడ్చి, సున్నం కొట్టించి దాన్ని యోగా హాలు చేసింది నేను. ఈ పళ్ళవాడు నిక్కరు వేసుకుని వచ్చి నా దగ్గర నడుం వంచడం నేర్చుకున్నాడు. ఇప్పుడు నా చేత నోరు తెరిపించడం నేర్చుకున్నాడు.

వ్యాకరణం చదివాను, తర్కం చదివాను, మూడు భాషల్లో నవలలు చదివాను. మా ఇంట్లో గోడ రంగేమిటో పుస్తకాలు తీస్తే గాని కనపడదు. నాకు మాట్లాడటం రాదట.

పొద్దుటి బ్యాచి పోతే ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఇంట్లో ఉండాలి. ఇంట్లో మా ఆవిడ ఉంటుంది.

జూన్ 4

నా తుంటి పాడైంది ఆ హాల్లో వేసిన రాతి గచ్చు వల్ల. పాత చెక్క పీకించి పళ్ళవాడు రాయి వేయించాడు, తుడవడం తేలికని. అప్పటి నుంచే నా ఎడమ తుంటి అరగడం మొదలైంది. ఎముకల డాక్టరుకి ఈ మాటే చెప్పాను. ఆయన ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూస్తూ, "గచ్చుకి కుడీ ఎడమా తెలియదండీ" అన్నాడు. డాక్టర్లంతా ఒకటే ముఠా.

ఈ రోజు త్రికోణాసనం. కుర్చీలోంచే చేతులు చాచి "ఇలా వంగండి" అన్నాను. ఇన్నేళ్ళూ ఆ మాటకి అందరూ సరిగ్గానే వంగారు. ఈ రోజు ఇద్దరు ముందుకి వంగారు, ఒకావిడ వెనక్కి వంగింది, కండక్టరు అసలు వంగలేదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"ఇలా అంటే ఎలా మాస్టారూ?"

"నన్ను చూసి చెయ్యి."

"చూస్తూనే ఉన్నా. మీరు కూర్చున్నారు. నేనూ కూర్చోనా?"

అందరూ నవ్వారు. మెడ పట్టేసిన టీచరమ్మ కూడా, మెడ కదపకుండా నవ్వింది. మెడ ఎటు తిప్పాలో ఆమెకి నేను సరిగ్గానే చెప్పాను. అటు అన్నాను. ఆమె ఇటు తిప్పింది.

జూన్ 6

మేనకోడలికి నేను పెట్టిన పేరు మైకు. చెవికి తగిలించుకుంటే చెంప మీదుగా నోటి దాకా వచ్చేది ఒకటుందే, అది పెట్టుకుని సాయంత్రం బ్యాచి నడుపుతుంది. గంటసేపు ఆగకుండా ఊపిరి తీసుకోండి, ఊపిరి వదలండి. పుట్టినప్పుడు వీళ్ళకి ఊపిరి తీసుకోమని ఏ మైకు చెప్పిందో.

కొత్త టీచర్లకి మాటతో ఆసనం చేయించడం ఎలాగో నేర్పే క్లాసు ఒకటి పెట్టింది. నేను వెళ్ళాలట. వెళ్ళనన్నాను. దాని తల్లికి కబురు పోయింది. మా అక్క ఫోను.

"ఒరేయ్, పిల్ల దగ్గర నేర్చుకోడానికి నీకు నామోషీ ఏంట్రా?"

"దానికి నేర్పిందే నేను."

"అందుకే అంటున్నా. నీ సొమ్ము నువ్వు వెనక్కి తెచ్చుకున్నట్టు అనుకో."

మా అక్కతో వాదించి గెలిచినవాడు లేడు. బావ గెలవలేక ముందే పోయాడు.

వెళ్ళాను. నా చెప్పుల వయసు లేని ఆడపిల్లలు ఎనిమిది మంది. వాళ్ళ మధ్య నేను, నా చేతికర్ర.

"క్లాసులో నేను నీ మేనకోడల్ని కాదు మావయ్యా" అంది మైకు. "తిట్టాలనుంటే బయటికి వచ్చాక తిట్టుకో."

"లోపల కూడా తిట్టగలను."

"సరే, తిడుతూనే చెప్పు. కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉంది. లేవడం తెలియదు. నోటితో లేపాలి." కుర్చీ వేసుకుని కూర్చుని కళ్ళు మూసుకుంది.

"లే" అన్నాను.

"ఎలా?"

"లేవడం కూడా తెలియదా?"

"తెలియదనే కదా చెప్పాను. పాదాలు ఎక్కడ పెట్టను?"

"కింద."

కాళ్ళు బారజాపి, పాదాలు దూరంగా కింద పెట్టింది.

"ముందుకి వంగు." వంగింది, ముక్కు మోకాళ్ళకి తగిలేలా. "ఇప్పుడు లే."

"లేవలేను మావయ్యా. బరువంతా కుర్చీ మీదే ఉండిపోయింది."

"అబ్బా, ఇలా..." అని చేత్తో గాలిలో గీసి చూపించాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

చెవులకి రింగుల పిల్ల ఒకతె లేచి చెప్పింది. "పాదాలు మోకాళ్ళ కిందకి లాక్కోండి. అరికాళ్ళతో నేలని నొక్కండి. ఛాతీ ముందుకి. ఊపిరి వదులుతూ లేవండి." మైకు లేచింది. నాటకం, ఇద్దరూ కూడబలుక్కున్నారు.

తర్వాత నీతులు. నేల నుంచి పైకి చెప్పాలట. ఒక ఊపిరికి ఒక మాటేనట. వద్దన్నది కాదు, కావలసింది చెప్పాలట. నోరు తెరిచే ముందు ఎదుటి మనిషిని చూడాలట.

"నేను చూడనా?"

"చేసి చూపించేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకుంటావు మావయ్యా. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాగా."

దాన్ని ధ్యానం అంటారు. దీనికేం తెలుసు.

జూన్ 7

నా క్లాసుని ఫోన్లో రికార్డు చేసి వినమంది మైకు. విన్నాను. "ఇలా పెట్టి, ఇలా తిప్పి, ఇప్పుడు ఇలా, ఆఁ, ఇలా కాదు, ఇలా." గుడ్డివాడు ఎవరో చీకట్లో తాళంచెవి వెతుక్కుంటున్నట్టుంది. ఫోను పాడైపోయింది, అది నా గొంతు కాదు.

జూన్ 9

రోజూ ఎవరో ఒకరికి చెప్పి సాధన చెయ్యాలట. ఆసనాలు తెలియని మనిషైతే మేలట. కండక్టరుని అడగను, ప్రాణం పోయినా. పక్కింటాయనతో కాలవ విషయంలో మాటల్లేవు. ఎదురింటాయనతో పక్కింటాయన విషయంలో మాటల్లేవు. తప్పక మా ఆవిడనే అడిగాను.

"సాయంత్రం ఒక అరగంట కుర్చీలో కూర్చుంటావా?"

"దేనికి? వంట మీరు చేస్తారా?"

"నేను చెప్పింది చెయ్యాలి."

"కొత్తగా ఏముంది అందులో?"

పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క ఆసనం వేసిన పాపాన పోలేదు ఈ మనిషి. వందల మంది వెన్నులు నిటారు చేశాను, ఇంట్లో దీని వెన్ను కొడవలిలా వంగింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా? ఆ మాట పైకే అన్నాను.

"చెట్టు ఎప్పుడైనా పెరట్లో ఉంటే కదండీ. తెల్లారేసరికి హాలుకి పోయేది" అంది, కూర తరుగుతూ.

జూన్ 10

మొదటి రోజు. ఈ మనిషితో సాధన చేసేకంటే బీరువాకి నేర్పడం నయం.

"నిటారుగా కూర్చో."

"కూర్చున్నా."

"అదా నిటారు?"

"నాకు ఇంతే నిటారు."

"కుడి చెయ్యి చాపు." చాపింది. "అది కాదు, కుడి!"

"ఇది కుడే. అన్నం తినేది దీంతోనే."

నిజమే, కుడే. ఎదురుగా కూర్చుంటే నా లెక్క తప్పుతోంది. ఆ సంగతి చెప్పలేదు.

"సరే, రెండు చేతులూ పైకెత్తు."

కుడి చెయ్యి చెవి పక్కకి లేచింది. ఎడమది భుజం ఎత్తుకి వచ్చి ఆగింది. గడియారం ముల్లు ఇరుక్కున్నట్టు అక్కడే వణుకుతోంది.

"రెండోది కూడా ఎత్తు."

"ఎత్తాను."

"పైకి అన్నాను."

"దానికి అదే పై."

"ఎప్పటి నుంచి?"

"వానలప్పటి నుంచి."

"వానలు ఇంకా పడందే."

"పోయినేడాది వానలు."

"చెప్పొచ్చుగా!"

"మీరు అడగొచ్చుగా" అని లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళిపోయింది.

సాధనకి బాగున్న మనిషి కావాలి. పాడైపోయిన భుజంతో నాకేం పని? నెలాఖరు పరీక్ష నెత్తి మీద ఉంటే నాకు దొరికిన సరుకు ఇది.

జూన్ 11

ఆ చెయ్యి రాకపోవడం నాటకం.

జూన్ 12

మైకు ఇంటిపని ఇచ్చింది. ఒక మనిషిని గమనించి, ఆ మనిషి చేసే పనిని, కళ్ళు మూసుకున్నవాడు విని చెయ్యగలిగేంత వివరంగా చెప్పాలి. ఇంట్లో వేరే మనిషి లేదు. పేపరు అడ్డం పెట్టుకుని ఈవిడనే చూశాను.

జుట్టు దువ్వుకోవడం. దువ్వెన కుడి చేతిలో. ఎడమ చెయ్యి ఒళ్ళోంచి కదలదు. జుట్టంతా ఎడమ భుజం మీదుగా ముందుకి లాగుతుంది. తల వంచి, జుట్టునే ఎడమ చేతి దగ్గరికి తెస్తుంది, చెయ్యి జుట్టు దగ్గరికి పోదు. అక్కడ, ఒళ్ళో, అల్లుకుంటుంది. ఇదివరకు జడ వీపు వెనక అల్లుకునేది. అద్దం కూడా అక్కర్లేకుండా. ఎప్పుడు మానిందో తెలియదు.

వంటగది పై అర. ఖాళీ. డబ్బాలన్నీ కింది అరలోకి దిగాయి, ఒకదాని మీద ఒకటి. వయసు మీద పడి సర్దుకోవడం చేతకావట్లేదని చలికాలంలో ఒకసారి అరిచాను. అప్పుడు ఏమీ అనలేదు. అనకపోవడం దీనికి అలవాటు, ఆ తర్వాత అన్నింటికీ కలిపి ఒకేసారి అంటుంది.

తువ్వాలు ఆరేయడం. కుడి చేత్తో తాడు మీదికి విసురుతుంది. గురి తప్పదు. సగం అటు, సగం ఇటు పడుతుంది, ఇక సర్దదు. ఏడాదిగా ఆ విసురు వింటున్నాను. ఠప్పున శబ్దం వస్తుంది. నా మీద కోపమనుకుని, నేనూ నా కోపం నేను చూపిస్తూ వచ్చాను.

గాజులు ఎడమ చేతికి తక్కువ ఉన్నాయి. అది దీనికి సంబంధించినదో కాదో తెలియదు. రాసి పెట్టాను.

ఇదంతా కేవలం సాధన కోసం.

జూన్ 15

ఈ రోజు మైకు నన్ను ఆడపిల్లల ముందు నిలబెట్టి కుడి కాలు ముందుకి వేయించమంది. "కుడి కాలు ముందుకి" అన్నాను. నా ఎడమ చెయ్యి దానంతట అదే లేచి ఎడమ తొడని తట్టింది. పిల్లల్లో సగం మంది మాట విన్నారు, సగం మంది చెయ్యి చూశారు.

"ఎదురుగా నిలబడి నేర్పేవాళ్ళందరికీ ఉండేదే ఇది" అంది మైకు, వాళ్ళతో. "మనం ఎడమ ఎత్తి కుడి అంటాం, అద్దంలో లాగా. వాళ్ళు చూసి చేస్తారు. అయితే ఆ తర్వాత రెండో వైపు కూడా మనమే చేసి చూపించాలి, మర్చిపోకండి."

"ఇది నీకు నేర్పింది నేనే" అన్నాను.

"మొదటి సగం నేర్పావు మావయ్యా. రెండో వైపు నువ్వు ఎప్పుడూ చేసేవాడివి కాదు. 'ఇక రెండో వైపు' అని లేచి, మా మధ్య తిరుగుతూ వీపుల మీద తట్టేవాడివి. ముప్పై ఏళ్ళు. ప్రతి ఆసనం ఎడమ కాలి మీదే." నా చేతికర్ర వైపు చూసింది. "నీకు పోయిన తుంటి ఏది?"

"గచ్చు వల్ల పోయింది."

"సరే. గచ్చు."

ఆ 'సరే'ని నేను ఈ జన్మలో క్షమించను. ఎముకల డాక్టరుతో ఇది ముందే మాట్లాడుకుని ఉంటుంది.

జూన్ 16

రెండో వైపు నేనెందుకు చెయ్యాలి? మొదటి వైపు చూసినవాడికి ఆ మాత్రం తెలియదా?

జూన్ 17

గచ్చే.

జూన్ 20

ఈవిడ చెయ్యి ఎత్తమంటే ముందు భుజం లేస్తుంది, చెవిని తాకేదాకా. భుజం పైకెత్తకు అని నాలుగు రోజులు అరిచాను. ఎత్తకు అన్నప్పుడల్లా ఇంకా పైకెత్తింది. వద్దన్నది చెప్పకూడదని ఆ మైకు వాగింది గుర్తొచ్చి, ఒకసారి, ఊరికే, దాని మాట ఎంత పనికిమాలినదో రుజువు చేద్దామని వేరేగా చెప్పాను.

"చెయ్యి ఎత్తే పనే లేదు. భోజనాల బల్ల మీద అరచెయ్యి పెట్టు. బరువు బల్లకి వదిలెయ్యి. ఊపిరి వదులుతూ అరచేతిని ముందుకి జార్చు, తడిగుడ్డతో బల్ల తుడుస్తున్నట్టు."

జార్చింది. చెయ్యి జారుతుంటే వెనకే ఛాతీ వంగింది. భుజం తెరుచుకుంది. దాని సంగతి దానికే తెలియకుండా చెయ్యి చెవి దగ్గరికొచ్చింది.

అప్పుడు ఒకటి కనిపించింది. నొప్పి మొదలయ్యే ముందు ఈవిడ ఊపిరి బిగబడుతుంది. మెడ పక్కన, చెవి కింద, ఒక నరం సన్నగా లేస్తుంది. నరం లేచిన రెండు క్షణాలకి మొహం ముడుచుకుంటుంది. మొహం దాకా రానివ్వకూడదు.

"ఆపు" అన్నాను, నరం లేవగానే. "అక్కడే ఉండు. ఊపిరి వదులు. ఇప్పుడు వెనక్కి రా."

వచ్చింది. నా వైపు అనుమానంగా చూసింది, బజార్లో చిల్లర ఎక్కువిచ్చినవాణ్ణి చూసినట్టు.

"నొప్పి వస్తుందని మీకెలా తెలిసింది?"

"నీ మెడ చెప్పింది."

"మీకా?" అంది. "ఇన్నాళ్ళూ నోటితో చెప్తే వినని మనిషికి మెడతో చెప్పాల్సింది."

ఏం చేసినా ఈ ఇంట్లో మెప్పు లేదు.

జూన్ 21

మళ్ళీ బల్ల. నిన్నటి కంటే ఒక పుస్తకం వెడల్పు ముందుకి. నేను బాగా చెప్పాను.

జూన్ 24

పరీక్షకి ఒక కొత్త మనిషిని వెంట తెచ్చుకోవాలని పళ్ళవాడు కొత్త నిబంధన పెట్టాడు. పాతవాళ్ళు మాట వినకుండా అలవాటుతోనే చేసేస్తారట, కాబట్టి ఏమీ తెలియని మనిషి ఒకరుంటే అసలు సంగతి బయటపడుతుందట. ఇది వాడి బుర్రలో పుట్టింది కాదు, మైకు ఊది ఉంటుంది.

భోజనాల దగ్గర ఆ మాట అన్నాను, గోడతో అన్నట్టు.

"నేనొస్తా" అంది ఈవిడ.

"నువ్వా? చెయ్యి రానిదానివి. నా పరువు తీస్తావు."

"మీరు ఓడిపోతే చూడాలని ఎప్పటి నుంచో ఉంది నాకు. మళ్ళీ ఇంత దగ్గర్నుంచి దొరకదు."

"గెలుస్తాను."

"గెలిస్తే అదీ చూస్తా. అదీ చూళ్ళేదుగా."

జూన్ 28

రాస్తాను. రాయకపోతే రేపు వీళ్ళంతా తలోరకంగా చెప్తారు.

హాలు నిండుగా ఉంది. పాతవాళ్ళు పదకొండు మంది, ముందు వరసలో చివరన ఈవిడ. చీర కుచ్చిళ్ళు దోపుకుని, యుద్ధానికి వచ్చినట్టు నిలబడింది. మైకు మూల కుర్చీ వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. చూడదట, వినడమే. వింటూ క్లాసు కళ్ళకి కట్టాలట. పళ్ళవాడు గడప దగ్గర, చేతులు కట్టుకుని.

మొదట బాగా నడిచింది. ఎంత బాగా అంటే నాకే విసుగొచ్చింది. నిలబడటం, పాదాలు, మడమలు, మోకాళ్ళు, నేల నుంచి పైకి. ఒక ఊపిరికి ఒక మాట. చేతులతో కుర్చీ అంచుల్ని గట్టిగా పట్టుకున్నాను, అవి లేవకుండా. కండక్టరు నోరు మెదపలేదు. టీచరమ్మ మెడ నేను చెప్పిన వైపే తిరిగింది.

తర్వాత వీరభద్రాసనం.

"కుడి పాదం ముందుకి, ఒక పెద్ద అడుగు. ఎడమ మడమ నేలకి. ఊపిరి వదులుతూ కుడి మోకాలు వంచండి, మడమ మీదికి వచ్చేదాకా. రెండు చేతులూ పక్కలకి, భుజాల ఎత్తున."

అందరివీ లేచాయి. ఈవిడ ఎడమ చెయ్యి సగంలో ఆగింది. భుజం చెవికి ఎగబాకింది. చెవి కింద నరం.

"భుజం బరువు కిందకి వదలండి" అన్నాను, అందరికీ అన్నట్టే. "అరచెయ్యి పైకి తిప్పండి. చెయ్యి కింద ఒక బల్ల ఉంది. చెయ్యి బరువు బల్లది, మీది కాదు." నరం దిగింది. "ఇప్పుడు బొటనవేలు దూరంగా జార్చండి. ఇంకొంచెం. ఆగండి. ఊపిరి. మళ్ళీ."

చెయ్యి లేచింది. బెత్తెడు. ఆగింది. నరం. ఆగమన్నాను. ఊపిరి వదలమన్నాను. నరం దిగింది. ఇంకో బెత్తెడు. ఇన్నేళ్ళ క్లాసుల్లో నేను ఒక మనిషిని అంతసేపు చూడలేదు. ఏ మాటకి ఏ కండ వదులవుతుందో, ఏ మాటకి బిగుస్తుందో కనిపిస్తూనే ఉంది. తప్పు మాట అనబోయి రెండుసార్లు మింగాను. ఎడమ చెయ్యి కుడి చేతికి సమానంగా వచ్చింది. ఈవిడ తల తిప్పి తన చేతిని తనే చూసుకుంది, వేరేవాళ్ళ చెయ్యి అన్నట్టు.

అప్పుడు కండక్టరు అరిచాడు. "మాస్టారూ! మమ్మల్ని దింపేదుందా, ఇక్కడే కాపురం పెట్టమంటారా?"

అటు చూశాను. పదకొండు జతల తొడలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. టీచరమ్మ ముఖం ఎర్రబడింది. వెనక వరసలో ఇద్దరు అప్పటికే కూలబడ్డారు. కూలబడినవాళ్ళు కూడా, పాపం, చేతులు మాత్రం చాచే ఉంచారు.

"దిగండి" అన్నాను. ఇక వాళ్ళ మొహాలు చూడలేక, "వెల్లకిలా పడుకోండి, శవాసనం" అన్నాను. అందరూ ఆ మాట కోసమే పుట్టినట్టు పడిపోయారు.

గోడ వైపు నుంచి మైకు గొంతు, నెమ్మదిగా: "మావయ్యా. రెండో వైపు?"

పళ్ళవాడు గడియారం చూసుకున్నాడు. టైమైపోయింది. ఎవరూ లేవలేదు. లేపినా లేచేవాళ్ళు కాదు. వెళ్ళేటప్పుడు అందరూ ఒక పక్కకే కుంటుతూ మెట్లు దిగారు. నేను వెనకే దిగాను. నాది రెండో పక్క.

జూన్ 29

పేపరు ప్రకటనలతో సహా రెండుసార్లు చదివాను. ఎవరూ ఫోను చెయ్యలేదు.

జూన్ 30

పళ్ళవాడు ఫోను చేశాడు. ఈసారి నా నోట్లో ఏమీ లేదు, అయినా "ఆఁ ఆఁ" అనే అన్నాను. పొద్దుటి బ్యాచి మైకుకి. "అప్పుడప్పుడూ వచ్చి వాళ్ళని ఆశీర్వదిస్తూ ఉండండి మాస్టారూ" అన్నాడు. ఆశీర్వదిస్తాను, పన్నొక్కటి మిగలకుండా.

సాయంత్రం మైకు ఇంటికొచ్చింది. వాళ్ళ అత్తయ్య చేతి కాఫీ తాగి, నా ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, ఆఖరి ఆసనంలో ఒక్క 'ఇలా' కూడా రాలేదు, తెలుసా? గోడ వైపు తిరిగి కూర్చున్నా, అత్తయ్య చెయ్యి ఎంత ఎత్తులో ఉందో నాకు తెలుస్తూనే ఉంది."

"అయితే బ్యాచి నాకే ఇయ్యి."

"ఇవ్వలేను. అక్కడ పన్నెండు మంది ఉన్నారు. నువ్వు ఒక్కరికే చెప్పావు."

పొగిడి గొంతు కొయ్యడం మా అక్క వంశంలోనే ఉంది.

అది వెళ్ళాక ఈవిడ మీద విరుచుకుపడ్డాను. నీ చెయ్యి వల్లే పోయింది, నిన్ను తీసుకెళ్ళడం నాదే బుద్ధి తక్కువ అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అంది. "నిన్నటిదాకా గచ్చు. ఇవాళ్టి నుంచి నేను."

జూలై 1

అయిదింటికి మెలకువ వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే. హాలు తాళంచెవి దిండు కింద లేదు, నిన్న మైకుకి ఇచ్చేశాను. భోజనాల బల్ల దగ్గర కూర్చుని పేపరు కోసం ఎదురు చూశాను. పేపరువాడు కూడా ఆలస్యం. ఊరంతా ఒక్కటయ్యారు.

ఈవిడ వచ్చి, ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఎడమ అరచెయ్యి బల్ల మీద పెట్టింది.

"ఏంటి?"

"చెప్పండి."

"బ్యాచి పోయింది. ఇంకేం చెప్పేది?"

"నాకు పోలేదుగా. రెండో వైపు బాకీ ఉన్నారు. ఆ రోజు నుంచి ఈ కాలొకటి లాగుతోంది, ఇంకో కాలికి దాని సంగతే తెలియదు."

తిట్టాను. వినిపించుకోలేదు, చెయ్యి తియ్యలేదు. సరే, పేపరు ఎలాగూ రాలేదు. బల్ల మీద చెయ్యి ముందుగా చెప్పాను. తర్వాత నిలబెట్టి, కుర్చీ వెన్ను పట్టుకోమని, ఎడమ పాదం ముందుకి వేయించాను. ఎడమ. ఈసారి సరిగ్గానే అన్నాను. ముందే నా చేతులు తొడల కింద పెట్టుకుని గట్టిగా కూర్చున్నాను, అవి నోటికి అడ్డు రాకుండా.

అయ్యాక నేను లేవబోయాను. అంతసేపు కదలకుండా కూర్చున్నందుకు తుంటి పట్టేసింది. చేతికర్ర గడప దగ్గర ఉంది. మళ్ళీ ప్రయత్నించాను. కుర్చీ కిర్రుమంది, నేను లేవలేదు.

ఈవిడ సాయానికి రాలేదు. చేతులు కట్టుకుని నిలబడి చూసింది.

"కుడి పాదం వెనక్కి లాక్కోండి."

లాక్కున్నాను.

"అది ఎడమ."

"నాకు తెలుసు."

"తెలిస్తే కుడి లాక్కోండి. ఊఁ. మోకాలి కిందకి. ఇప్పుడు నేలని దాంతోనే నొక్కండి, మంచి కాలు అది. ఊపిరి వదలండి."

"ఊపిరి గురించి నాకు చెప్పకు."

"బిగబట్టారు. మెడ పక్కన నరం లేచింది."

వదిలాను. లేచాను. ఆమె చెప్పినందుకు కాదు. ఎలాగూ లేచే వేళయింది.